అప్పు ఒకటి, సంతకాలు రెండు, రాష్ట్రాలు మూడు

2021 జులైలో ఒక శనివారం పొద్దున్నే గుంటూరు నుంచి అక్క ఫోన్ చేసింది. "ఒరేయ్, వీడికి డల్లాస్‌లో ఎమ్మెస్ సీటొచ్చింది. అక్కడే ఉండే మనిషి ఎవరైనా సంతకం పెడితే వడ్డీ తగ్గుతుందని లోన్ వాళ్లు అంటున్నారట. నువ్వున్నావు కదరా" అంది. ఉన్నాను మరి. న్యూజెర్సీలో ఇల్లుంది, గ్రీన్‌కార్డు ఉంది, క్రెడిట్ స్కోరు బాగుంది, మేనల్లుడి చదువుకి సంతకం పెట్టనని చెప్పడానికి నోరెలా వస్తుంది? ఆ సాయంత్రం మెయిల్‌లో లింక్ వచ్చింది, పసుపు రంగు బాణం ఎక్కడ చూపిస్తే అక్కడ క్లిక్ చేసుకుంటూ పోయాను. 38,000 డాలర్ల అప్పు కాగితాలకి నేను కేటాయించిన సమయం ఒక టీ తాగినంత.

మూడేళ్లు గడిచాక ఇల్లు రీఫైనాన్స్ చేద్దామని, అంటే ఇంటి అప్పుని కొత్త వడ్డీకి మార్చుకుందామని వెళ్తే నా క్రెడిట్ రిపోర్టులో 60 రోజుల లేటు కనిపించింది. ఆరా తీస్తే తేలిందేంటంటే, మావాడు ఉద్యోగంలోనే ఉన్నాడు, అకౌంట్‌లో డబ్బులూ ఉన్నాయి, కానీ అప్పు వసూళ్లు చూసే పాత కంపెనీ పోయి కొత్త కంపెనీ వచ్చింది, ఆ మార్పులో ఆటోపే మాత్రం కొత్త చోటుకి రాలేదు. కొత్త కంపెనీ పంపిన ఉత్తరాలు వాడు ఖాళీ చేసి ఏడాదైన పాత అపార్ట్‌మెంట్‌కి వెళ్లాయి. నాకైతే ఒక్కటీ రాలేదు. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నాం" అన్నారు, ఐదుసార్లు చేశాను, ఐదుసార్లూ అదే మాట.

ఎవరి మీద ఫిర్యాదు చేయాలి, ఎక్కడ చేయాలి? అప్పు తీసుకున్నవాడు టెక్సాస్‌లో ఉన్నాడు, సంతకం పెట్టిన నేను న్యూజెర్సీలో ఉన్నాను, డబ్బిచ్చిన బ్యాంకు ఇంకో రాష్ట్రంలో రిజిస్టరై ఉంది, ఈ కాంట్రాక్టుకి ఆ మూడో రాష్ట్రం చట్టమే వర్తిస్తుందని పేజీ అడుగున చిన్నక్షరాల్లో రాసి ఉంది. ఆ చిక్కుముడి విప్పుకోవడానికి నాకు దాదాపు ఆరు నెలలు పట్టింది. మనవాళ్లలో ఇలా మేనల్లుళ్లకీ, తోడల్లుడి కూతుళ్లకీ సంతకాలు పెట్టినవాళ్లు బోలెడుమంది ఉన్నారు కాబట్టి ఇదంతా ఒక చోట రాస్తున్నాను. నేను లాయర్ని కాదు, అప్పుకి పూచీ పడ్డవాణ్ణి, అంతే.

ముందు ఒక తేడా తెలియాలి. అమెరికాలో స్టూడెంట్ లోన్ అనగానే వార్తల్లో వినిపించే మాఫీలు, ఆదాయాన్ని బట్టి కట్టే ప్లాన్లు, కోర్టు గొడవలు దాదాపు అన్నీ ఫెడరల్ లోన్ల గురించే. అంటే వాషింగ్టన్‌లోని విద్యాశాఖ ఇచ్చే అప్పులు, మొత్తం స్టూడెంట్ అప్పుల్లో పదింట తొమ్మిది వంతులు పైగా అవే. ఎఫ్-1 వీసా మీద వచ్చే మన పిల్లలకి అవి రావు. వాళ్లకి దొరికేది మిగిలిన ఆ చిన్న వంతు, ప్రైవేటు లోన్లు. అప్పు తీసుకున్నవాడు చనిపోతే ఫెడరల్ లోన్ రద్దవుతుంది, ఉద్యోగం పోతే కట్టాల్సింది సున్నా దాకా తగ్గొచ్చు. ప్రైవేటు లోన్‌లో ఇవి చాలావరకు కాంట్రాక్టులో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

పోనీ చేతులెత్తేసి దివాలా తీద్దామన్నా కుదరదు. అమెరికాలో క్రెడిట్ కార్డు అప్పు దివాలాలో పోతుంది, ఆసుపత్రి బిల్లు పోతుంది, స్టూడెంట్ లోన్ మాత్రం అంత తేలిగ్గా పోదు. 1976లో ప్రభుత్వ అప్పులతో మొదలైన ఈ కట్టడిని 2005 దివాలా చట్టంలో ప్రైవేటు అప్పులకీ తగిలించారు. మామూలు వడ్డీ వ్యాపారికి లేని ఈ రక్షణ వీళ్లకెందుకిచ్చారో నాకిప్పటికీ అర్థం కాదు, రిస్కు తగ్గింది కదా అని వడ్డీ ఏమైనా తగ్గించారా అంటే అదీ లేదు.

వడ్డీ అన్నాను కాబట్టి లెక్క చూద్దాం. 40,000 డాలర్లు 13 శాతానికి తీసుకుని, రెండేళ్లు చదువుకుంటూ ఏమీ కట్టలేదనుకోండి. చదువయ్యేసరికి వడ్డీ అసలులో కలిసి అప్పు 50,400 అవుతుంది. పదేళ్ల వాయిదాలు పెట్టుకుంటే నెలకి దాదాపు 752 డాలర్లు, మొత్తం కట్టేది 90,000 పైమాటే. మన వడ్డీ భాషలో 13 శాతమంటే నూటికి రూపాయి ఎనిమిది పైసలు, వినడానికి ధర్మవడ్డీలాగే ఉంటుంది. కానీ ఈ అప్పు డాలర్లలో ఉంది, తీర్చాల్సింది ఇంకా ఉద్యోగం కూడా రాని కుర్రాడు.

మరి రాష్ట్ర ప్రభుత్వాలు ఈ వడ్డీని ఎందుకు ఆపవు? న్యూయార్క్‌లో 16 శాతం దాటితే అధిక వడ్డీ అని చట్టముంది, చాలా రాష్ట్రాల్లో ఇలాంటివి ఉన్నాయి. 1978లో మార్క్వెట్ బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు వాటి కోరలు పీకేసింది. జాతీయ బ్యాంకు, అంటే ఫెడరల్ ప్రభుత్వ అనుమతితో నడిచే బ్యాంకు, ఏ రాష్ట్రంలో ఉందో ఆ రాష్ట్రం ఒప్పుకున్న వడ్డీని దేశంలో ఎక్కడున్న కస్టమర్ దగ్గరైనా వసూలు చేసుకోవచ్చని ఆ తీర్పు సారాంశం. రెండేళ్లకి, 1980లో, రాష్ట్రాల చార్టర్ (బ్యాంకు నడుపుకునే అనుమతి) ఉన్న బ్యాంకులకీ అదే వెసులుబాటు చట్టంగా వచ్చింది. దాంతో చాలా పెద్ద బ్యాంకులు వడ్డీకి పరిమితి లేని రాష్ట్రాలు వెతుక్కుని అక్కడ బోర్డు పెట్టుకున్నాయి. క్రెడిట్ కార్డు బిల్లు మీద సౌత్ డకోటా, డెలావేర్ అడ్రసులు ఎందుకుంటాయో ఇప్పుడర్థమై ఉంటుంది. ప్రైవేటు స్టూడెంట్ లోన్లలో పెద్ద పేరైన శాలీ మే బ్యాంకు యూటా రాష్ట్రంలో చార్టర్ పొందిన బ్యాంకు. న్యూజెర్సీ శాసనసభ కూర్చుని ఎన్ని తీర్మానాలు చేసినా యూటా వడ్డీని తగ్గించలేదు.

మనకి ఈ గొడవ కొత్తేం కాదు. 2010 అక్టోబర్‌లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మైక్రోఫైనాన్స్ కంపెనీల మీద ఆర్డినెన్స్ తెచ్చింది గుర్తుందా? వారం వారం ఇంటి ముందు కూర్చుని వసూలు చేసే పద్ధతికి, ఆత్మహత్యల వార్తలకి జనం అట్టుడికిపోతున్న రోజులవి. ఆ తర్వాత అది చట్టమైంది. రిజర్వ్ బ్యాంకు రిజిస్ట్రేషన్ ఉన్న కంపెనీ మీద రాష్ట్రానికి అధికారమేంటి అనే వాదన ఏళ్ల తరబడి నడిచింది. 2022 మేలో కేరళ, గుజరాత్ వడ్డీ వ్యాపార చట్టాల కేసులో సుప్రీంకోర్టు ఎన్‌బీఎఫ్‌సీల (బ్యాంకు కాకుండానే అప్పులిచ్చే ఫైనాన్స్ కంపెనీల) మీద రిజర్వ్ బ్యాంకుదే అధికారమని తేల్చింది, 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు కూడా మన మైక్రోఫైనాన్స్ చట్టం వాటికి వర్తించదంది. దెబ్బ తగిలేది ఊళ్లో, అధికారముండేది ఢిల్లీలోనో ముంబైలోనో. అమెరికాలోనూ కథ ఇదే, కాకపోతే అక్కడి రాష్ట్రాలు తలుపు మూస్తే కిటికీ వెతుక్కున్నాయి.

నా మటుకు నాకు తేలింది ఇది: బయటి రాష్ట్రం బ్యాంకు వడ్డీ ఎంతుండాలో రాష్ట్రాలు మామూలుగా చెప్పలేవు. కానీ అప్పు ఇచ్చాక నడిపే తీరు, వసూలు చేసే తీరు, కోర్టుకి లాగేటప్పుడు చూపించాల్సిన కాగితాలు, వీటి మీద మాత్రం వాటి పట్టు గట్టిగానే ఉంది. అప్పున్నవాడికి నిజంగా నొప్పి పుట్టేది కూడా ఎక్కువగా అక్కడే.

ఈ కథలో మొదటి అధ్యాయం 2007 నాటిది. అప్పటి న్యూయార్క్ అటార్నీ జనరల్ (రాష్ట్రం తరఫున కేసులు నడిపే పెద్ద అధికారి) ఆండ్రూ క్వోమో ఒక చిన్న ప్రశ్న వేశాడు: యూనివర్సిటీలు పిల్లలకిచ్చే "మేం సూచించే లోన్ కంపెనీలు" అనే లిస్టులో పేర్లు ఎలా చేరుతున్నాయి? తవ్వితే తేలింది, కొన్ని కంపెనీలు కాలేజీలకి వాటా ఇస్తున్నాయి, కొన్నిచోట్ల ఫైనాన్షియల్ ఎయిడ్ అధికారులకి ఆ కంపెనీల్లో షేర్లు కూడా ఉన్నాయి. మన దగ్గర కన్సల్టెన్సీ వాడు ఫలానా లోన్ కంపెనీకే వెళ్లమని ఎందుకు ఒత్తిడి చేస్తాడో తెలిసినవాళ్లకి ఇందులో ఆశ్చర్యమేమీ ఉండదు. ఆ ఏడాదే న్యూయార్క్ చట్టం చేసింది, మరుసటి ఏడాది, 2008లో, దేశమంతటికీ ఫెడరల్ చట్టం వచ్చింది.

ఇప్పటికీ ప్రైవేటు లోన్ తీసుకునే ప్రతివాడికీ ఉన్న ప్రాథమిక రక్షణలు ఆ 2008 చట్టంవే. అప్లికేషన్ దగ్గర ఒకసారి, అప్పు మంజూరైనప్పుడు ఒకసారి, చివర్లో ఒకసారి, మొత్తం మూడుసార్లు వడ్డీ, ఖర్చుల వివరాల కాగితం ఇవ్వాలి. మంజూరయ్యాక 30 రోజులపాటు ఆ షరతులు మార్చకూడదు, ఆ లోపు మీరు వేరేచోట వాకబు చేసుకోవచ్చు. చివరి కాగితం అందాక మూడు పనిదినాల్లో వద్దనుకుంటే రద్దు చేసుకోవచ్చు, ఆ మూడు రోజులూ దాటేదాకా డబ్బు విడుదల చేయకూడదు. ముందుగా తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఆ మూడు రోజులూ నేనేం చేశానా అని ఆలోచిస్తే ఒక్కటీ గుర్తురావట్లేదు, బహుశా ఆ కాగితం తెరిచి కూడా చూసి ఉండను.

రెండో అధ్యాయం సర్వీసర్లది. అప్పిచ్చేది ఒకరు, నెలనెలా వసూలు చేసేది ఇంకొకరు, ఆ రెండోవాణ్ణే సర్వీసర్ అంటారు. బ్యాంకు మీద చేయి వేయలేని రాష్ట్రాలకి, ఈ సర్వీసర్ చాలాసార్లు బ్యాంకు కాదని, మామూలు కంపెనీయే అని తట్టింది. 2015లో కనెటికట్ మొదటగా స్టూడెంట్ లోన్ సర్వీసర్లకి లైసెన్సు తప్పనిసరి చేసి, ఫిర్యాదులు వినడానికి అంబుడ్స్‌మన్‌ని పెట్టింది. తర్వాత కాలిఫోర్నియా, ఇల్లినాయ్, వాషింగ్టన్, కొలరాడో, న్యూయార్క్, న్యూజెర్సీ, ఇలా వరుసపెట్టి వచ్చాయి. 2018లో విద్యాశాఖ "మా సర్వీసర్ల జోలికి రాష్ట్రాలు రాకూడదు" అని నోటీసు ఇచ్చింది కానీ, అది ఫెడరల్ లోన్ల గొడవ, ప్రైవేటు లోన్లకి దాంతో పని లేదు. వాషింగ్టన్ డీసీ చట్టం మీద వచ్చిన కేసులో కోర్టు కూడా విద్యాశాఖ సొంత అప్పుల వరకే రాష్ట్రాల లైసెన్సు కుదరదంది.

నా సమస్య తీరింది కూడా ఈ కిటికీలోంచే. న్యూజెర్సీ 2019 చట్టం ప్రకారం రాష్ట్ర బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ శాఖలో స్టూడెంట్ లోన్ అంబుడ్స్‌మన్ ఉన్నారు. ఆన్‌లైన్‌లో ఫారం నింపి, ఆటోపే ఆన్ చేసి ఉన్నట్టు పాత స్క్రీన్‌షాటు, అకౌంట్‌లో బ్యాలెన్సు ఉన్నట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, నేను చేసిన ఐదు ఫోన్ కాల్స్ తేదీలు జతచేశాను. నెల తిరిగేలోపు కొత్త సర్వీసర్ నుంచి ఒకామె తనంతట తనే ఫోన్ చేసింది, అదే కంపెనీ, కానీ గొంతే మారిపోయింది, "సార్" అని అనలేదు గానీ అన్నంత పని చేసింది. ఇంకో మూడు వారాలకి క్రెడిట్ రిపోర్టులోంచి లేటు మచ్చ పోయింది. ఈలోగా రీఫైనాన్స్ రేటు పెరిగింది, అది వేరే ఏడుపు.

లైసెన్సు అంటే ఇదే. కంపెనీకి ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసుకునే అనుమతి ఒక శాఖ చేతిలో ఉంటే, ఆ శాఖ పంపిన మెయిల్‌కి జవాబు వస్తుంది. మనం పంపిన మెయిల్‌కి "నమోదు చేసుకున్నాం" అని వస్తుంది.

మూడో అధ్యాయంలో రాష్ట్రాలు అప్పిచ్చేవాళ్ల దగ్గరికే వెళ్లాయి. 2021లో కొలరాడో, మేన్ రాష్ట్రాలు ప్రైవేటు స్టూడెంట్ లోన్ కంపెనీలు తమ దగ్గర పేరు నమోదు చేసుకోవాలని చట్టాలు చేశాయి, తర్వాత లూసియానా లాంటివి ఆ దారి పట్టాయి. ఎంత అప్పిచ్చారు, ఎంతమంది ఎగ్గొట్టారు, కో-సైనర్లు ఎంతమంది, ఇలాంటి లెక్కలు బయటికి రావడమే ఇందులో సగం పని, ఎందుకంటే ఈ మార్కెట్ మీద అంతదాకా ఎవరి దగ్గరా సరైన లెక్క లేదు. మిగతా సగం కో-సైనర్ల గురించి. నాలాంటివాళ్ల గురించి.

కో-సైనర్ అంటే మన దగ్గర హామీ సంతకం లాంటిదని నేననుకున్నాను, అంటే అసలువాడు ఎగ్గొడితే, వాడి వెంట పడి పడి, చివరికి మన దగ్గరికొస్తారని. కాదు. చాలా రాష్ట్రాల్లో మొదటిరోజు నుంచీ ఆ అప్పు నాదే, వాడి దగ్గర అడక్కుండానే నేరుగా నా మీదికి రావచ్చు. నిజానికి నన్నే పట్టుకోవడం వాళ్లకి తేలిక కూడా. టెక్సాస్‌లో ఇలాంటి మామూలు అప్పులకి జీతం జప్తు చేయడం కుదరదు. న్యూజెర్సీలో కోర్టు తీర్పు చేతికొస్తే నా జీతంలోంచి కోయొచ్చు. అప్పు తీసుకున్న కుర్రాడి జీతం భద్రంగా ఉంటుంది, పూచీ పడ్డ మామయ్య జీతం కోతకి వస్తుంది! ఇది మా అక్కకి ఇంకా చెప్పలేదు.

"రెండు మూడేళ్లు సరిగ్గా కడితే కో-సైనర్ పేరు తీసేస్తాం" అని అమ్మేటప్పుడు అందరూ అంటారు. 2015లో సీఎఫ్‌పీబీ, అంటే ఫెడరల్ ప్రభుత్వంలో వినియోగదారుల అప్పుల వ్యవహారం చూసే సంస్థ, లెక్క తీస్తే అలా దరఖాస్తు చేసుకున్నవాళ్లలో 90 శాతం మందిని కంపెనీలు తిరస్కరించాయని తేలింది. అంతకు ముందు ఏడాది ఇంకో ఘోరం బయటపెట్టింది: సక్రమంగా కడుతున్న అప్పులో కో-సైనర్ చనిపోతే, కాంట్రాక్టులో ఏదో మూల ఉన్న షరతు పట్టుకుని మొత్తం అప్పు ఒకేసారి కట్టమనేవాళ్లు. తాతగారి కర్మకాండ అవకముందే నోటీసు. 2018లో ఫెడరల్ చట్టం మార్చి ఈ పద్ధతిని ఆపారు. అదే చట్టంలో, అప్పు తీసుకున్న విద్యార్థి చనిపోతే కో-సైనర్‌ని వదిలేయాలనీ పెట్టారు. 2018 నవంబర్ 20 తర్వాత తీసుకున్న అప్పులకే ఈ రెండూ వర్తిస్తాయి, అంతకు ముందువైతే కాంట్రాక్టే దిక్కు. హైవే ప్రమాదాల్లో పోయిన మన పిల్లల కోసం విరాళాలు పోగుచేస్తున్నప్పుడు సంతకం పెట్టిన బాబాయిల, మామయ్యల సంగతి ఎవరూ అడగరు, అడగడానికి అది సమయమూ కాదు. కానీ ఆ తేదీ తెలిసి ఉండటం మంచిది.

ప్రాణం పోకుండా మంచాన పడితే? 2018 చట్టంలో దానికి జవాబు లేదు. శాశ్వతంగా పనిచేయలేని స్థితికి వెళ్తే అప్పు మాఫీ చేయాలని కొలరాడో లాంటి రాష్ట్రాలు తమ చట్టంలో రాసుకున్నది ఈ ఖాళీని పూడ్చడానికే. అంటే ఒకే బ్యాంకు, ఒకే కాంట్రాక్టు, కొలరాడోలోని డెన్వర్‌లో ఉన్నవాడికి ఒక గతి, టెక్సాస్‌లోని డల్లాస్‌లో ఉన్నవాడికి ఇంకో గతి పట్టొచ్చు.

ఇక కోర్టు. నాకు ఈ మొత్తంలో అన్నిటికంటే విచిత్రంగా అనిపించింది ఇదే. నేషనల్ కాలేజియేట్ స్టూడెంట్ లోన్ ట్రస్టులని 15 ట్రస్టులున్నాయి. బ్యాంకులు ఇచ్చిన ప్రైవేటు లోన్లని మూటలు మూటలుగా కొని వీటిలో పెట్టారు, మొత్తం 8 లక్షలకి పైగా అప్పులు. కట్టనివాళ్ల మీద దేశమంతా వేల కేసులు వేశారు. తీరా చూస్తే చాలా కేసుల్లో ఈ అప్పు ఫలానా బ్యాంకు నుంచి మా ట్రస్టుకి వచ్చిందని చూపించే కాగితాలే లేవు, కొన్నిటిలో అసలు సంతకం చేసిన నోటు కూడా లేదు, లిమిటేషన్ (దావా వేసే గడువు) దాటిపోయినవాటి మీదా దావాలు వేశారు. వీళ్ల తరఫున అఫిడవిట్లు సంతకం చేసినవాళ్లకి ఆ రికార్డుల సంగతే తెలియదని 2017లో సీఎఫ్‌పీబీ తేల్చింది. అయినా ట్రస్టులు గెలుస్తూ వచ్చాయి, కారణం మనందరికీ తెలిసిందే: సమన్లు చూసి భయపడి కవరు డ్రాయర్లో పడేస్తారు, కోర్టుకి వెళ్లరు, ఎక్స్‌పార్టీ తీర్పు వచ్చేస్తుంది. ఆ తీర్పు ఒక్కసారి వచ్చిందా, ఇక కాగితాలతో పనే లేదు.

దీనికి విరుగుడుగా కాలిఫోర్నియా 2021లో ఒక చట్టం చేసింది, 2022 జులై నుంచి అమల్లో ఉంది. ప్రైవేటు స్టూడెంట్ లోన్ మీద దావా వేయాలంటే సంతకం ఉన్న కాగితం ఏది, అప్పు ఎవరెవరి చేతులు మారి మీ దాకా వచ్చింది, అసలెంత వడ్డీ ఎంత, చివరిసారి ఎప్పుడు కట్టారు, ఇవన్నీ చేతిలో ఉండాలి, లేకుండా వసూలుకే దిగకూడదు. వినడానికి ఇందులో విశేషమేముంది, మన మునసబు కోర్టులో కూడా ప్రోనోటు లేకుండా దావా నిలవదు కదా అనిపిస్తుంది. అదే కదా విశేషం, ఇంత చిన్న విషయం కూడా అక్కడ చట్టంగా రాసి పెట్టాల్సిన అవసరం వచ్చింది.

ప్రోనోటు మాటెత్తాను కాబట్టి లిమిటేషన్ గురించి కూడా. మన దగ్గర నోటుకి మూడేళ్లు, అది దాటకముందే అప్పిచ్చినవాడు వచ్చి "ఓ వెయ్యి ఇవ్వు చాలు" అని వెనక చెల్లు రాయించుకుంటాడు, గడువు మళ్లీ మొదటికొస్తుంది. అమెరికాలో ఫెడరల్ లోన్‌కి గడువే లేదు, చచ్చేదాకా వెంటాడుతుంది. ప్రైవేటు లోన్‌కి రాష్ట్రాన్ని బట్టి గడువుంది: న్యూయార్క్‌లో ఇలాంటి అప్పులకి ఇప్పుడు మూడేళ్లు, టెక్సాస్‌లో, కాలిఫోర్నియాలో నాలుగు, న్యూజెర్సీలో ఆరు. చాలా రాష్ట్రాల్లో చెల్లు సూత్రం అక్కడా పనిచేస్తుంది. కలెక్షన్ ఏజెంటు ఫోన్ చేసి "మీ సహకారం చూపించడానికి 25 డాలర్లు కట్టండి" అని తీయగా అడిగితే, వాడికి కావాల్సింది 25 డాలర్లు కాదు. టెక్సాస్ 2019లో ఈ ఆటకి కొంత కళ్లెం వేసింది, పాత అప్పుల్ని కొనుక్కున్న కంపెనీ గడువు దాటిన అప్పు మీద దావా వేయకూడదు, కొంత కట్టినంత మాత్రాన గడువు మళ్లీ మొదలవదు.

రాష్ట్రాలు విడివిడిగా చట్టాలు చేస్తే ఒక పద్ధతి, అందరూ కలిసి మీద పడితే ఇంకో పద్ధతి. 2022 జనవరిలో 39 మంది అటార్నీ జనరళ్లు నావియెంట్ అనే స్టూడెంట్ లోన్ కంపెనీతో 185 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకున్నారు. అందులో దాదాపు 170 కోట్లు ప్రైవేటు లోన్ల మాఫీ, సుమారు 66,000 మందికి. తిరిగి కట్టలేరని తెలిసి కూడా లాభాల కోసం నడిచే కాలేజీల పిల్లలకి అప్పులు అంటగట్టారనేది ఆరోపణ, కంపెనీ తప్పు ఒప్పుకోలేదు. గమనించండి, వడ్డీ ఎక్కువని ఎవరూ కేసు వేయలేదు. మోసపూరితమైన వ్యాపార పద్ధతి అనే పాత చట్టం పట్టుకుని లాగారు. ఆ చట్టం ప్రతి రాష్ట్రంలోనూ ఉంది.

మాటల గారడీ కూడా రాష్ట్రాలే ముందు పట్టుకున్నాయి. కోడింగ్ నేర్పుతాం, ఉద్యోగం వచ్చాకే జీతంలో వాటా ఇవ్వండి, ఇది అప్పు కానే కాదు అనే కంపెనీలు అమెరికాలో చాలా వచ్చాయి, అమీర్‌పేట చూసిన మనకి ఈ బోర్డు కొత్తగా అనిపించదు. 2021లో కాలిఫోర్నియా నియంత్రణ శాఖ మెరాటస్ అనే కంపెనీతో ఒప్పందంలో ఇవి కూడా స్టూడెంట్ లోన్లేనని రాయించింది. అప్పుని ఏ పేరుతో పిలిచినా లైసెన్సు కావాల్సిందే.

ఇప్పుడు ఈ రాష్ట్రాల చట్టాల గురించి ఎందుకింత చెప్తున్నానంటే, పైనున్న గొడుగు ముడుచుకుంటోంది. 2025 ఏప్రిల్‌లో సీఎఫ్‌పీబీ లోపలి మెమోలో స్టూడెంట్ లోన్లని తమ ప్రాధాన్యాల నుంచి తప్పించింది, రాష్ట్రాలున్నాయి కదా చూసుకుంటాయి అనే ధోరణి. అదే ఏడాది జులై 4న సంతకమైన పెద్ద చట్టంలో, పీజీ చదువులకి ఫీజు ఎంతైతే అంత ఇచ్చే గ్రాడ్ ప్లస్ ఫెడరల్ లోన్‌ని 2026 జులై 1 నుంచి కొత్తవాళ్లకి ఆపేశారు. మెడిసిన్, లా లాంటి కోర్సులకి ఏడాదికి 50,000 డాలర్లు, మొత్తం 2 లక్షలు పరిమితి, మిగతా పీజీలకి ఏడాదికి 20,500, మొత్తం లక్ష. ఎఫ్-1 పిల్లలకి దీంతో సంబంధం లేదు, వాళ్లకి అంతకు ముందూ సున్నాయే. కానీ ఇక్కడే పుట్టి మెడికల్ స్కూల్‌కో డెంటల్‌కో వెళ్లే మన పిల్లలు ఉన్నారు చూడండి, ఆ ఫీజుకీ ఈ పరిమితికీ మధ్య తేడా ఎవరు పూడుస్తారు? ప్రైవేటు బ్యాంకులే. ఆ కాగితం మీద రెండో సంతకం అమ్మదో నాన్నదో.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఎన్‌బీఎఫ్‌సీ దగ్గర తీసుకుని వచ్చినవాళ్లకి ఈ అమెరికా రాష్ట్రాల రక్షణలు వర్తించవు, వాళ్లు చూడాల్సింది రిజర్వ్ బ్యాంకు వైపు. ఫిర్యాదుకి సంస్థ జవాబివ్వకపోతే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉంది, పైసా ఖర్చు లేదు. వాయిదా ఆలస్యమైతే దాని మీద అదనపు వడ్డీ వేసి అసలులో కలపడం కుదరదని 2023 ఆగస్టు సర్క్యులర్ చెప్తోంది, ఛార్జీగా మాత్రమే వేయాలి. ఇల్లు తనఖా పెట్టి తీసుకున్న అప్పు తీరిపోతే 30 రోజుల్లో దస్తావేజులు చేతికివ్వాలి, వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున ఇవ్వాలి. ఈ రెండో రూలు చాలామంది నాన్నలకి తెలియదు, బ్యాంకు వాళ్లు వాళ్లంతట వాళ్లు చెప్పరు.

నా సంగతికొస్తే, మావాడు 24 నెలల వాయిదాలు కట్టాక నా పేరు తీసేయమని మొన్న దరఖాస్తు పెట్టాడు. తిరస్కరించారు. ఓపీటీ (చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి) మీద ఉన్నాడు కాబట్టి ఆదాయం స్థిరంగా ఉన్నట్టు కాదట. హెచ్-1బీ వస్తే మళ్లీ పెడతానన్నాడు. ఈలోగా కాంట్రాక్టు మొత్తం ప్రింటు తీసి ఫైల్లో పెట్టాను, ఆటోపే వెళ్లిందో లేదో ప్రతి నెలా మూడో తేదీన నేనే లాగిన్ అయి చూసుకుంటున్నాను.